మూడేళ్లలోపు బిడ్డకు చోటెక్కడ?

అంగన్‌వాడీకి యాభై ఏళ్లు నిండాయి. 1975 అక్టోబర్ 2న దేశంలోని 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఇవాళ దాదాపు 14 లక్షల కేంద్రాలతో నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఆసుపత్రి లేని ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లో కోకొల్లలు. అంగన్‌వాడీ లేని ఊరు మాత్రం వెతికితే గాని దొరకదు. గర్భిణి పేరు రాసుకున్న రోజు నుంచి బిడ్డకు ఆరేళ్లు నిండేదాకా ఆ కేంద్రం రిజిస్టర్లలో తల్లీబిడ్డలు ఉంటారు. ఇంత దగ్గరగా, ఇన్నేళ్లపాటు పిల్లల్ని కనిపెట్టి ఉండే ప్రభుత్వ వ్యవస్థ మనకు మరొకటి లేదు. అయినా ఒక ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఆరు నెలలు దాటి మూడేళ్లు నిండని బిడ్డ ఉన్న తల్లి కూలికి వెళితే, ఆ ఏడెనిమిది గంటలూ బిడ్డ ఎక్కడ ఉండాలి? మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలో చాప ఉంది, పలక ఉంది, వేడి అన్నం ఉంది. మూడేళ్లలోపు వాళ్లకు ఉన్నది ఇంటికి ఇచ్చి పంపే సరుకు. తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొట్లం, పదహారు గుడ్లు. ఆంధ్రప్రదేశ్‌లో లెక్కలు కొంచెం మారినా తీరు అదే. ఆ వయసు బిడ్డకు తిండి అందించే బాధ్యత ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ తిండి తినిపించే మనిషిని పెట్టే బాధ్యత ఒప్పుకోలేదు. అదీ ఒప్పుకోవాలని, దానికి కొత్త వ్యవస్థ అక్కర్లేదని, ఉన్న అంగన్‌వాడీలోనే పసిపిల్లల గదిని ప్రభుత్వ ఖర్చుతో తెరవాలని నా వాదన.

ఆ వయసే ఎందుకంటే, పిల్లల ఎదుగుదల దెబ్బతినేది ఎక్కువగా అప్పుడే. ఆరో నెల దాటాక తల్లిపాలు ఒక్కటే చాలవు. మెత్తగా కలిపిన ముద్ద రోజుకు నాలుగైదుసార్లు, కొద్దికొద్దిగా, బుజ్జగించి పెట్టాలి. ఒకేసారి గిన్నెడు పెడితే ఆ బిడ్డ తినలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11 శాతం మందికే. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత ఆంధ్రలో 63 శాతం, తెలంగాణలో 70 శాతం మంది పిల్లల్లో ఉంది. పేదరికమే దీనికంతటికీ కారణమని సరిపెట్టుకోవడం తేలిక. బియ్యం రేషన్‌లో వస్తున్నాయి, బాలామృతం కేంద్రం నుంచి వస్తోంది, గుడ్లూ వస్తున్నాయి. ఇంట్లో సరుకు ఉండి కూడా బిడ్డ కడుపులోకి వెళ్లకపోతే, ఆ మధ్యలో ఏం తెగిపోతోందో చూడాలి. తల్లి పొద్దున్నే సద్ది కట్టుకుని పనికి పోతుంది. పదకొండింటికి వేడినీళ్లలో బాలామృతం కలిపి, చల్లార్చి, చెంచాతో తినిపించేదెవరు? ముసలి అత్తకు చూపు ఆనదు. ఎనిమిదేళ్ల అక్కకు తన అన్నం తనకు వడ్డించుకోవడమే పెద్ద పని. సాయంత్రానికి పొట్లంలో సగం ఇంట్లోని పెద్దపిల్లలు తినేసి ఉంటారు. వాళ్లకూ ఆకలే, వాళ్లను తప్పుపట్టలేం. చిన్నబిడ్డ పేరున వచ్చింది చిన్నబిడ్డకే చేరాలంటే దాన్ని కలిపి పెట్టే చెయ్యి ఒకటి పగటిపూట ఉండాలి.

పల్నాడు, గుంటూరు మిరప చేలను చూడండి. జనవరి నుంచి మార్చి దాటేదాకా కోతలు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని దిగుతాయి. ఊళ్లో ఉండే అంగన్‌వాడీలో ఈ పిల్లల పేర్లు ఉండవు. పేరున్న అంగన్‌వాడీ వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గట్టుమీద వేపచెట్టుకు చీర కట్టి ఊయల వేస్తారు. నీడ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి ఊయల మార్చాలి. కోసిన కాయ కిలోల లెక్కన కూలి కట్టేచోట, బిడ్డకు పాలివ్వడానికి తల్లి లేచిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. లేచినా, మిరప ఘాటు పట్టిన చేతులతో బిడ్డ ముఖం తాకడానికి భయం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లది వేరే కష్టం. ఇంట్లోనే పని కాబట్టి బిడ్డ తల్లి దగ్గరే ఉన్నట్టు బయటివాళ్లకు అనిపిస్తుంది. ఒళ్లో బీడీ చాట ఉన్నంతసేపూ ఆ ఒడి బిడ్డకు ఖాళీ లేదు. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా కళ్లు ఆకుమీదే ఉంటాయి. పాకే బిడ్డ ఆ తంబాకు పొడిలోనే తిరుగుతూ, చేతికందింది నోట్లో పెట్టుకుంటుంది. హైదరాబాద్ పడమటి అంచున లేస్తున్న అంతస్తుల కింద, ఇసుక కుప్పల పక్కన పెరిగే పిల్లల సంగతీ ఇలాంటిదే.

ఇలాంటి పిల్లల గురించి చట్టాలు ఆలోచించలేదా అంటే, ఆలోచించాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి మహిళా కార్మికులున్నచోట పిల్లల గది ఉండాలంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట అదే మాట చెప్పింది. 2005 ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి కట్టాలంది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు, యాభై, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు క్రెచ్ తప్పనిసరి చేశారు. ఈ చట్టాలన్నీ మంచి ఉద్దేశంతో చేసినవే. అయితే అన్నిటిలోనూ బిడ్డకు దొరికే చోటు తల్లి పనిచేసే చోటుకు ముడిపడి ఉంది. మన ఆడవాళ్లలో అత్యధికులు పనిచేసేది పొలాల్లో, సొంత ఇంట్లో, నలుగురు మనుషులుండే చిన్న దుకాణాల్లో. వాళ్లకు యాభై మందిని పెట్టుకున్న యజమాని ఎక్కణ్నుంచి వస్తాడు? పైగా బిడ్డను చూసుకునే ఖర్చు యజమానిమీద పెడితే, పసిబిడ్డ తల్లిని పనిలోకి తీసుకోవడానికే వెనకాడే యజమానులుంటారు. తల్లి ఎవరి దగ్గర పనిచేస్తోంది, అసలు కూలి పని చేస్తోందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, బిడ్డ ఉన్న ఊళ్లో బిడ్డకు చోటు ఉండాలి. అలాంటి చోటు కల్పించగలిగేది ప్రభుత్వం ఒక్కటే.

ప్రభుత్వం ఆ దిశగా వేసిన అడుగులూ ఉన్నాయి. 2006లో రాజీవ్ గాంధీ పేరిట జాతీయ క్రెచ్ పథకం వచ్చింది. ఒక దశలో దేశంలో 20 వేలకు పైగా క్రెచ్‌లు నడిచాయి. 2017లో నిధుల పద్ధతి మార్చి ఖర్చులో కొంత రాష్ట్రాల మీద, కొంత స్వచ్ఛంద సంస్థల మీద వేశాక అవి ఒక్కొక్కటే మూతపడి, కొన్నేళ్లకే 7 వేలలోపుకు పడిపోయాయి. 2022 ఏప్రిల్ నుంచి ‘పాల్నా’ పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆలోచన సరైనది: అంగన్‌వాడీ కేంద్రంలోనే క్రెచ్. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పాతికమంది పిల్లలు. కానీ దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం 17 వేల కేంద్రాలు. 14 లక్షల అంగన్‌వాడీల్లో ఇది నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. పిల్లల్ని చూసుకునే కార్యకర్తకు నెలకు ఇచ్చేది 5,500 రూపాయలు, సహాయకురాలికి 3,000. పాతిక మంది పసివాళ్ల ప్రాణాలు చేతిలో పెట్టి రోజుకు రెండువందల చిల్లర ఇస్తే ఆ పనిలో ఎవరు నిలుస్తారు? పక్కనున్న కర్ణాటక 2023లో ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో 4,000 పసిపిల్లల కేంద్రాలు పెట్టాలని సంకల్పించింది. ఒక్క రాష్ట్రం దేశమంతటి లక్ష్యంలో దాదాపు నాలుగో వంతును తనకు తాను పెట్టుకుందంటే, సంకల్పం ఉంటే రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదని అర్థం.

వెంటనే వచ్చే సలహా ఒకటుంది. కేంద్రంలో టీచర్ ఉంది, ఆయా ఉంది, పసిపిల్లల్నీ వాళ్లకే అప్పగిస్తే పోలేదా అని. ఆ సలహా ఇచ్చేవాళ్లు ఒక పూట అంగన్‌వాడీలో ఏం జరుగుతుందో చూడాలి. హాజరు ఫోన్‌లో ఎక్కించాలి. సరుకు తీసుకునే తల్లి ముఖం పోషణ్ ట్రాకర్ యాప్‌లో సరిపోలాలి. సిగ్నల్ లేకపోతే ఆమె మళ్లీ రావాలి. పిల్లల బరువు, ఎత్తు చూడాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, టీకాల రోజున ఏఎన్ఎంకు తోడుండాలి, ఓటర్ల జాబితా పని వస్తే అదీ చెయ్యాలి. ఆయా పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే. ఇదంతా పోగా పిల్లలకు ఆటాపాటా, అక్షరం నేర్పడానికి మిగిలేది ఎంతో కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గనిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు తమిళనాడులో లెక్కగట్టారు. 320 కేంద్రాలను ఎంచుకుని, వాటిలో సగంచోట్ల చదువు చెప్పడానికని సగం పూట పనిచేసే కార్యకర్తను ఒకరిని అదనంగా పెట్టారు. అదనపు మనిషి లేనిచోట రోజుకు నలభై నిమిషాలు కూడా దక్కని ప్రీస్కూల్ చదువు, ఆమె వచ్చాక రెట్టింపైంది. ఏడాదిన్నరకు పిల్లల లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. అంతకంటే ముఖ్యం, పాత కార్యకర్తకు చేతులు ఖాళీ అయి పోషణ పనికి ఎక్కువ సమయం దొరకడంతో ఎదుగుదల లోపమూ, తీవ్ర పోషకాహార లోపమూ తగ్గాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక అదనంగా సంపాదించేది, పెట్టిన ఖర్చుకు 13 నుంచి 21 రెట్లు ఉంటుందని వాళ్ల అంచనా. ఆ పరీక్ష మూడేళ్లు దాటిన పిల్లల చదువు కోసం జరిగింది, క్రెచ్ కోసం కాదు. అయినా అందులో మనకు కావలసిన పాఠం ఉంది. అంగన్‌వాడీకి ఇప్పుడు కరువైంది పథకాలు కాదు, చేతులు. ఉన్న ఇద్దరి నెత్తిన పసిపిల్లల్ని కూడా పెడితే పసివాళ్లకు సంరక్షణా దక్కదు, పెద్దవాళ్లకు చదువూ దక్కదు. విడిగా ఇద్దరు మనుషుల్ని పెట్టాల్సిందే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం నాణ్యత గురించి. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు అయిదు డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టింది. తల్లులు పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లోకి వచ్చారు. అయితే మైకేల్ బేకర్, జొనాథన్ గ్రూబర్, కెవిన్ మిల్లిగన్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగాయని చూపించారు. పిల్లల్ని ప్రభుత్వ కేంద్రాల్లో వదలడం హానికరమనే వాళ్లు ఇప్పటికీ ఆ అధ్యయనాన్నే ఉదహరిస్తారు. దాన్ని కొట్టిపారేయకూడదు. హడావిడిగా సంఖ్య పెంచితే, మనుషులు చాలకపోతే, పసిపిల్లలకు నష్టం జరుగుతుంది. కాకపోతే అక్కడ చాలామంది పిల్లలు ఇంట్లో ఎవరో ఒకరి పూర్తి సంరక్షణ వదిలి కేంద్రానికి వచ్చారు. మన మిరప చేలో బిడ్డ వదిలి వచ్చేది గట్టుమీది ఊయలను, ఎనిమిదేళ్ల అక్క చంకను. పోలిక వాటితో జరగాలి. ఆ హెచ్చరికను మాత్రం నేను పూర్తిగా తీసుకుంటాను. మూడేళ్లలోపు పాతికమందిని ఇద్దరి చేతిలో పెట్టడం తప్పు. ఇద్దరికి పదిహేను మందికి మించకూడదు. పాకే పిల్లలకు వేరే చోటు, శుభ్రమైన నీళ్లు, పక్కనే మరుగుదొడ్డి, తల్లి పాలివ్వడానికి వచ్చినప్పుడు కూర్చునే మూల ఉండాలి. ఇవి సమకూరని కేంద్రంలో పసిపిల్లల గది తెరవకపోవడమే మేలు.

బిడ్డ తల్లి దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండాలిగాని పరాయి చేతుల్లో ఎందుకనే మాట మన సమాజంలో గట్టిగా వినిపిస్తుంది. అందులో ప్రేమ ఉంది, దాన్ని గౌరవించాలి. ఇంట్లో చూసుకునేవాళ్లున్న బిడ్డను ఎవరూ లాక్కుపోరు. అయితే ఆ మాట అనేవాళ్లు ఊహించుకునే నాయనమ్మ ఇంటిపట్టున ఉండే మనిషి. నిజంలో యాభై ఏళ్ల నాయనమ్మ కూడా కోడలితోపాటు నాట్లకు, కలుపులకు వెళుతోంది. 2024 కాల వినియోగ సర్వేలో ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేసే 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు దానిమీద రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తున్నారని, ఆ పని చేసే మగవాళ్లు 74 నిమిషాలని తేలింది. వంట, ఇంటి చాకిరీ దీనికి అదనం. ఇక ఎవరూ లేని ఇంట్లో ఆ భారం మోసేది ఆడపిల్ల. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకూ బడి ఆమె ప్రాథమిక హక్కు. తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయిన ప్రతిరోజూ ఆ హక్కు ఆమెకు అందలేదు. పిల్లల సంరక్షణను ఇంటి వ్యవహారంగా వదిలేశామని మనం అనుకుంటున్నది నిజానికి ఒక పిల్ల చదువు తీసి మరో పిల్లకు కాపలా పెట్టడం. క్రెచ్ తెరిస్తే బడికి తిరిగి వచ్చే ఆడపిల్లల్ని కూడా దాని ప్రయోజనాల్లో కలిపి లెక్కించాలి.

డబ్బు మాటకు వద్దాం. తెలంగాణ ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్‌కు 13,650 రూపాయలు, ఆయాకు 7,800 ఇస్తోంది. అదే లెక్కన ఒక పసిపిల్లల గదికి ఇద్దర్ని పెడితే ఏడాదికి 2,57,400 రూపాయలు. పదిహేను మంది పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి 17,160. రెండు రాష్ట్రాల్లోని సుమారు 90 వేల కేంద్రాల్లో పదింట ఒకటి చొప్పున 9 వేలచోట్ల మొదలుపెడితే జీతాలకు అయ్యేది 232 కోట్లు. తిండి, సామాన్లు, మరమ్మతులు కలిపి దాన్ని రెట్టింపు చేసి చూసినా, రెండు రాష్ట్రాల బడ్జెట్లూ కలిపి ఆరు లక్షల కోట్లు దాటిన చోట అది మోయలేని బరువు కాదు. ఆంధ్రప్రదేశ్ ‘తల్లికి వందనం’ కింద ఒక్కో విద్యార్థికి ఏడాదికి 15,000 రూపాయలు కేటాయిస్తోంది. ఆ సాయం ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది. అంతకు ముందున్న అయిదేళ్లలో, బిడ్డ మెదడు అన్నిటికంటే వేగంగా ఎదిగే రోజుల్లో, దాదాపు అంతే ఖర్చుతో చోటు ఇవ్వవచ్చు. ఆ డబ్బేదో తల్లి ఖాతాలో వేస్తే ఆమే చూసుకుంటుందిగా అనవచ్చు. నగరంలో అయితే కొంతవరకు నిజమే. ఊళ్లో క్రెచ్ అంటూ లేనప్పుడు డబ్బుతో ఆమె కొనగలిగేది ఏమీ లేదు. జీతాల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. చౌకగా నడపాలని ఆడవాళ్ల శ్రమను గౌరవ వేతనం పేరుతో పిండుకునే పద్ధతిని ఈ కొత్త గదిలోకి తేకూడదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ మహిళలు వేతనాలు, గ్రాట్యుటీ కోసం సమ్మెకు దిగి, ఎస్మా ప్రయోగించినా జంకకుండా నలభై రోజులకు పైగా రోడ్డుమీద కూర్చోవలసి వచ్చింది. పిల్లల్ని ప్రేమగా చూసుకునే మనిషి ఇంటికి వెళ్లేసరికి ఆమె పిల్లలకు తిండి ఉండాలి.

గదులెక్కడివి అని అడగడం న్యాయమే. జవాబు మన కళ్లముందే తయారవుతోంది. రాజ్యాంగంలోని 45వ అధికరణాన్ని 2002లో మార్చి, ఆరేళ్ల లోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే పునాది దశ అంది. దాన్ని పట్టుకుని ప్రభుత్వ బడుల్లోకి పూర్వ ప్రాథమిక తరగతులు వస్తున్నాయి. తెలంగాణ 2025-26లో 210 బడులతో మొదలుపెట్టింది. ఇంకోపక్క ఇంగ్లిష్ మీద ఆశతో అప్పు చేసైనా నర్సరీకి పంపే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. వెరసి నాలుగైదేళ్ల పిల్లలు అంగన్‌వాడీ నుంచి కదులుతున్నారు. హాజరు పలచబడిన కేంద్రాలను విలీనం చేయాలనే ఆలోచన ఇలాంటప్పుడే పైకి వస్తుంది. అది పొరపాటు. పెద్దపిల్లలు బడికి వెళ్లిన చోట ఆ గదిని పసిపిల్లలకు ఇవ్వాలి. ఊళ్లో నమ్మకం సంపాదించిన టీచర్, తల్లులందరి పేర్లూ తెలిసిన ఆయా, వంటపాత్రలు, తూకం యంత్రం అన్నీ అక్కడే ఉన్నాయి. కొత్తగా కావలసింది ఇద్దరు మనుషులు, వాళ్లకు మంచి శిక్షణ, పసిపిల్లలకు తగ్గట్టు గదిలో మార్పులు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి జిల్లాల సగటు అక్కరకు రాదు. పనుల క్యాలెండర్ పట్టుకోవాలి. మిరప, పత్తి కోతల మండలాలు, బీడీ ఊళ్లు, ఇటుక బట్టీలున్న పెద్దపల్లి లాంటి చోట్లు, రొయ్యల శుద్ధి కర్మాగారాలున్న గోదావరి తీరం, నగర శివారు నిర్మాణాలు ముందు వరసలో ఉండాలి. వేళలు కేంద్రానికి కాదు, పనికి సరిపోవాలి. కూలికి ఏడింటికి వెళ్లే ఊళ్లో తొమ్మిదింటికి తెరిచే గది ఎవరికీ ఉపయోగపడదు. వలస వచ్చిన బిడ్డకు ఆధార్ ఏ ఊరిదైనా, పేరు ఏ కేంద్రంలో ఉన్నా, ఆ రోజు ఎక్కడ ఉంటే అక్కడ చోటు దొరకాలి. మిరప కోతలు జనవరిలో మొదలవుతాయి. ఆలోపు మనుషుల్ని ఎంపిక చేసి, రెండు నెలలు శిక్షణ ఇచ్చి, గదులు సిద్ధం చేయాలంటే ఉత్తర్వులు దసరా దాటకుండా రావాలి, వాటి వెంట జీతాల పద్దూ విడుదల కావాలి.